ఆయన వాదన, ఆవిడ నోట

కానింగ్ వేల్‌లో నేను పనిచేసే ఏజ్డ్ కేర్ హోమ్‌లో బుధవారం మధ్యాహ్నాలు ఒకప్పుడు బింగో ఆడేవాళ్లు, మన తంబోలా లాంటిదే. అంకెలు పిలవడం నా పని. గుంటూరు నుంచి అకౌంటింగ్ చదవడానికి పెర్త్ వచ్చి, యూనివర్సిటీలో ఉండగానే ఖర్చుల కోసం ఈ పనిలో చేరాను. చదువు అయిపోయింది, శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను. మందులివ్వడం, స్నానాలు చేయించడం వేరేవాళ్లు చూసుకుంటారు. పెద్దవాళ్లకు రోజు కాస్త సరదాగా గడిచేలా చూడటం నా బాధ్యత. పాటలు, ఆటలు, కుండీల్లో మొక్కలు, పుట్టినరోజు కేకులు అన్నీ నా కిందే.

ఆ బింగోను ఆపించిన ఇద్దరి గురించి ఇది.

ఇద్దరిదీ ఇంగ్లండే. ఆయన అక్కడి తూర్పు తీరంలో ఒక చేపల రేవులో పుట్టి, మీసాలు రాకముందే ట్రాలర్ ఎక్కినవాడు. మన కాకినాడ రేవులో కనిపించే మరపడవలను నాలుగైదు కలిపితే ఎంతుంటుందో అంత ఓడ అని ఆయన మాటల్నిబట్టి అర్థమైంది. అందులో వారాల తరబడి మంచు సముద్రంలో వలలు లాగేవాళ్లట. ఆ ఊళ్లో చేపల పని చచ్చిపోయాక భార్యాబిడ్డలతో ఇక్కడి ఫ్రీమాంటిల్ రేవుకు వచ్చి, ఎండ్రకాయల పడవల మీద బతికాడు. ఎనభై దాటినా గొంతు మాత్రం గాలివానలో అవతలి పడవకు వినిపించేలా ఉండేది.

ఆవిడది దక్షిణ తీరంలో ఇంకో ఓడరేవు. అక్కడ కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో గుమస్తా. సముద్రం అవతలి నుంచి లారీల్లో టమాటాలో, బూట్లో, యంత్రాల విడిభాగాలో వస్తే వాటి కాగితాలు సరిచూసి పంపడం ఆవిడ ఉద్యోగం. భర్త పోయాక ఇక్కడికి దగ్గర్లో పియారా వాటర్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేసింది. మోకాళ్లు మొరాయించాక మా దగ్గరికి చేరింది. పొట్టిగా కత్తిరించుకున్న తెల్ల జుట్టు, ఇస్త్రీ చేసిన బ్లౌజు, పెదాలకు లేత రంగు. ఇవి లేకుండా గది దాటేది కాదు.

బ్రిటన్ యూరప్ దేశాల కూటమి నుంచి బయటికొచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. సరిహద్దుల దగ్గర సుంకాలూ తనిఖీలూ లేకుండా ఒకరి సరుకు ఇంకొకరికి అమ్ముకునే ఉమ్మడి బజారు అది. అందులోని దేశాలు ఒకరి సముద్రంలో ఒకరు చేపలు కూడా పట్టుకోవచ్చు. ఉండాలా పోవాలా అన్న ఓటు ఎప్పుడో ముగిసింది. దానివల్ల బాగుపడ్డామా చెడిపోయామా అన్న గొడవ మాత్రం అక్కడి టీవీల్లో ముగియలేదు. దేశం వదిలి చాలా ఏళ్లయిందని వీళ్లిద్దరికీ ఆ ఓటే లేకుండా పోయింది. అయినా పట్టింపు పోలేదు.

ఆ బుధవారం లాంజ్‌లో టీవీ కట్టేయడం మర్చిపోయాను. తెర మీద ఎవరో మంత్రి చేపల మార్కెట్లో నిలబడి మాట్లాడుతున్నాడు.

"మా చేపలు మాకొచ్చాయి!" అని ఆయన కుర్చీ చేతిని గట్టిగా చరిచాడు.

"చేపలొచ్చాయి. కొనేవాళ్లు పోయారు," అంది ఆవిడ వెనక వరసలోంచి, బింగో కార్డు మీంచి తలెత్తకుండా.

ఆయన కుర్చీ మొత్తం వెనక్కి తిప్పుకున్నాడు. ఆ తర్వాత నేను పిలిచిన అంకె ఎవరికీ వినపడలేదు.

మరుసటి బుధవారం జనం వేళకు ముందే వచ్చి కూర్చున్నారు. కార్డులు పంచబోతే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "బింగో సరేలే, వాళ్లిద్దరూ ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగాడు. మా మేనేజర్‌ను అడిగాను. అరుపులు రిసెప్షన్ దాకా వినపడకపోతే సరేనంది. అలా మా లాంజ్‌లో బుధవారం వాదన మొదలైంది. నేను మధ్యలో కూర్చునేదాన్ని. టీ ఇచ్చేదాన్ని. ఎవరైనా మరీ రెచ్చిపోతే బిస్కెట్ల పళ్లెం జరిపేదాన్ని.

మొదట్లో అది వాదనే కాదు. ఆయన బల్ల గుద్దేవాడు. ఆవిడ వెటకారమాడేది. నాకది కొత్త కాదు. మా నాన్న మిర్చి వ్యాపారి. ఖమ్మం నుంచి సరుకు పంపే భాగస్వామి ఒకాయన మా ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. రాష్ట్రం విడిపోయే రోజుల్లో ఇద్దరూ మా వసారాలో కూర్చుని ఎవరు ఎవరిని దోచారో తేల్చుకోబోయారు. ఒకరు ఒక మాట అనేలోపే ఇంకొకరు రెండన్నారు. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. మా అన్న పెళ్లికీ రాలేదు. వాదన అంటే అలాగే ముగుస్తుందనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆవిడ కప్పు కింద పెట్టి అంది: "ఇలా లాభం లేదు. నువ్వన్నది ముందు నేను చెప్తాను. 'అవును, నేనన్నది అదే' అని నువ్వు ఒప్పుకున్నాకే నా జవాబు. నువ్వూ అంతే చెయ్యాలి."

"అలాగైతే మనం చచ్చేలోపు ఒక్క వాదన కూడా పూర్తవదు."

"నీకు వేరే పనేమైనా ఉందా?"

లాంజంతా నవ్వింది. ఆయన కూడా నవ్వేశాడు. ఆ రోజునుంచి అదే పద్ధతి.

నేను నా జీవితంలో చాలామంది తెలివైనవాళ్లను చూశాను. ఎదుటివాడి మాటను అంత ఓపికగా మోసినవాళ్లను మాత్రం వీళ్లకు ముందు చూడలేదు. ఆయనకది మహా కష్టంగా ఉండేది. ఆవిడ వాదనను తన నోటితో చెప్పబోయి మధ్యలో తిట్టు కలిపేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. మళ్లీ మొదలుపెట్టేవాడు. ముఖం ఎర్రబడేది, మెడమీద నరాలు లేచేవి, కానీ వదిలేవాడు కాదు. చివరికి సరిగ్గా చెప్పినప్పుడు ఆవిడ "అవును, అదే" అంటే, పెద్ద వల పైకి లాగినవాడిలా వెనక్కి వాలేవాడు.

ఒకసారి ఆవిడ ఆయన్ని గట్టిగానే పట్టుకుంది. "మీ ఊరి పని పోగొట్టింది యూరప్ కాదు, ఐస్‌లాండ్. వాళ్ల సముద్రంలోకి మీ ఓడల్ని రానివ్వలేదు. నిజమా కాదా?"

ఆయన ముందు ఆ మాటను అప్పజెప్పాడు. ఆవిడ ఒప్పుకుంది. అప్పుడన్నాడు: "నిజమే. వాళ్లు తరిమారు. తరిమితే మా ఇంటికొచ్చాం. వచ్చి చూస్తే మా ఇంటి ముందు సముద్రం అప్పటికే అందరితో పంచుకుని ఉంది. పొరుగువాడు గెంటేశాడని ఇంటికొస్తే, ఇంట్లో మన మంచం మీద ఇంకొకడు పడుకుని ఉన్నాడు. ఎవడి మీద కోపమొస్తుంది?"

"ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు," అంది ఆవిడ. అందరి ముందు, అంత తేలిగ్గా. ఆ మాట అనడానికి మా వసారాలో ఎవరికీ నోరు రాలేదు.

ఇంకో వారం ఆయన అడిగాడు: "ఆ కూటమి వల్ల నీకేం ఒరిగిందని ఇంత వెనకేసుకొస్తావు?"

"నాకా? నా ఉద్యోగం పోయింది," అందావిడ. సరిహద్దు తనిఖీలు తీసేశాక సరిచూడటానికి కాగితాలే మిగల్లేదట. ఆ వీధిలోని ఏజెంట్ల ఆఫీసులన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయట. "మేమంతా ఇళ్లకెళ్లిపోయాం. మర్నాడు రేవుకెళ్లి చూశాను. లారీలు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ సరుకు మీద బతికేవాళ్లకి అది మంచిరోజని కూడా తెలుసు. నా ఉద్యోగం పోయింది కాబట్టి అది చెడ్డదని ఎలా అంటాను?"

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇక వాదించలేదు.

చుట్టుపక్కల జనం కూడా వినడానికి వస్తామంటే, మా హోమ్‌లో ఏటా బయటివాళ్లను పిలిచి జరిపే ఓపెన్ డేకి వాళ్లిద్దరి వాదనను పెట్టాలని మేనేజర్ అంది. లైబ్రరీలో, ఇండియన్ షాపులో పోస్టర్లు అంటించాను. ఆయన కొత్త చొక్కా కొనిపించుకున్నాడు.

ఓపెన్ డేకి నెలన్నర ఉందనగా ఆయనకు స్ట్రోక్ వచ్చింది. హాస్పిటల్ నుంచి తిరిగొచ్చేసరికి కుడి చెయ్యి ఆడటం లేదు. మాట లేదు. వినేవాడు, అర్థమయ్యేది, చెప్పబోతే మాత్రం మూలుగులాంటిది వచ్చేది. అంతటి గొంతు అలా అయిపోతే మా కేరర్లు కూడా ఆయన గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చేవాళ్లు.

ఆయన కూతురు స్కూల్లో పనిచేసేది. నెమ్మదైన మనిషి. ఆ బాధలో కారిడార్లో నిలబడి గట్టిగానే అంది: "ప్రతి వారం ఆయన్ని అలా రెచ్చగొట్టారు. ఆ వయసులో బీపీ ఏమవుతుంది?" ఎదురుగా వాకర్ పట్టుకుని వస్తున్న ఆవిడ ఆ మాట విన్నది. వాకర్ తిప్పుకుని తన గదికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత భోజనానికి కూడా బయటికి రాలేదు. నేను ట్రే తీసుకెళితే పెదాలకు రంగు లేకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"డాక్టరు మీ వాదన వల్ల కాదన్నాడు. ఆయన గుండె ఎప్పటినుంచో బాగాలేదట," అన్నాను.

"డాక్టర్లు ముసలివాళ్లతో అలాగే అంటారు, డియర్."

ఆవిడను మార్చింది నేను కాదు, ఆయన కూతురే. ఒక మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "నాన్న తలుపు వైపే చూస్తున్నాడు. నర్సు వచ్చినా, నేను వచ్చినా ముఖం తిప్పుకుంటాడు. ఎవరి కోసమో అర్థమైంది," అంది. ఇద్దరం కలిసి ఆవిడ గదికి వెళ్లాం. కూతురు మంచం అంచున కూర్చుంది.

"నేనన్న మాటకు సారీ. మీరొకసారి రాగలరా?"

ఆవిడ అద్దం, లిప్‌స్టిక్ అందుకుంది.

ఆయన గదిలో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, పలకరింపులేమీ లేకుండా మొదలుపెట్టింది. "ఓపెన్ డే పోస్టర్లు తీసేయలేదు. జనం వస్తారు. నీ వాదన కూడా నేనే చెప్తాను. తప్పు చెప్తే తల ఊపు." ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"నువ్వు బయటికి రావాలన్నది చేపల కోసం."

తల అడ్డంగా ఊగింది.

"చేపల కోసం కాదా? మరి, పోయిన పనికి కసి."

ఈసారి ఇంకా గట్టిగా ఊపాడు.

"సరే, కోప్పడకు. దేశం మీద అభిమానం?"

ఆయన ఎడమ చేత్తో దుప్పటి చరిచాడు. ఆవిడ ఆగిపోయింది. ఇన్నాళ్లుగా తాను అప్పజెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "దేశం లాభపడింది అన్న రోజుల్లోనే మీ వీధి మూతపడింది. ఎందుకని అడగడానికి మీకు మనిషి దొరకలేదు. లండన్‌లో అడిగితే యూరప్‌లో అడగమన్నారు. అక్కడ అడిగితే లండన్‌లో అడగమన్నారు. నష్టం వస్తే రానీ, ఆ నష్టం చేసినవాణ్ణి ఓటేసి దించే వీలు మాకుండాలని. అదేనా?"

ఆయన ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

బయటికొచ్చాక గోడకు ఆనుకుని నాతో అంది: "ఇన్నాళ్లూ చేపల గురించనుకున్నాను చూడు."

ఓపెన్ డే నాడు లాంజ్‌లో జనం పట్టలేదు. కుర్చీలు చాలక వరండాలో నిలబడ్డారు. మన తెలుగువాళ్లు కొందరు, పక్కవీధి పంజాబీ కుటుంబాలు, హైస్కూల్ పిల్లలు. ఆయన్ని కొత్త చొక్కా వేసి వీల్‌చెయిర్‌లో ముందు వరసకు తీసుకొచ్చారు. ఆవిడ నిలబడే మాట్లాడతానంది. మోకాళ్ల సంగతి చెప్పబోతే నావైపు ఒక చూపు చూసింది.

ముందు ఆయన వాదన చెప్పింది. అది చెప్పిన తీరు నేనెప్పటికీ మర్చిపోను. ఎక్కడా గొంతులో వెటకారం లేదు. ఎక్కడా ఆ వాదనను తేలిగ్గా కొట్టేయడానికి వీలుగా పల్చన చెయ్యలేదు. రేవు ఎలా ఉండేదో, ఓడ వచ్చిన రోజు వీధిలో ఎంత సందడో, తర్వాత ఏ దుకాణం తర్వాత ఏ దుకాణం మూతపడిందో, ఆయన చెప్పినట్టే చెప్పింది. "బయటికొస్తే నష్టపోతారని మమ్మల్ని హెచ్చరించినవాళ్లు, లోపలుండి మేం నష్టపోయినప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగినప్పుడు, ఆవిడ అటువైపు మనిషే అనిపించింది. పంజాబీ పెద్దాయన ఒకరు చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఆయన వైపు తిరిగి, "ఇదేనా?" అంది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"ఇప్పుడు నా వంతు." నీళ్లు తాగి మొదలుపెట్టింది. "ఓటేసి దించగలరు, నిజమే. కానీ ఎవరిని దించినా సరిహద్దులో ఆగిన లారీ కదలదు. పెద్ద కంపెనీ కాగితాలు చూడటానికి పదిమందిని పెట్టుకుంటుంది. మా తమ్ముడి కొడుకు ఇంగ్లండ్‌లో చీజ్ తయారుచేస్తాడు. తనూ, భార్యా, ఒక ఫ్రిజ్ వ్యాను. అవతలి ఒడ్డున కొనేవాళ్లుండేవాళ్లు. ఇప్పుడు ప్రతి పెట్టెకూ సర్టిఫికెట్లు కావాలి. విసిగిపోయి అటు పంపడమే మానేశాడు. ఒక వీధి మూతపడటం అన్యాయం. ఆ అన్యాయానికి మందు ఇంకో వీధి మూయించడం కాదు."

దానికీ చప్పట్లు పడ్డాయి. వీల్‌చెయిర్లో ఆయన మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ అది చూసి, "ఒప్పుకోడు. ఒప్పుకోవాలని నేనూ అనుకోలేదు," అంది. అందరూ నవ్వారు. స్కూలు పిల్ల ఒకతి లేచి అడిగింది: "ఆయనకు మాట పోయింది కదా. మీరు ఆయన వాదనను అంత బాగా ఎందుకు చెప్పారు? కొంచెం తగ్గించి చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు."

"ఆయనకు తెలిసేది. నాకు తెలిసేది," అంది ఆవిడ. "ఇక కూర్చుంటాను, మోకాళ్లు."

ఆ సాయంత్రం ఇంట్లో ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయనది నల్గొండ, సిటీలో ఐటీ ఉద్యోగం. పెళ్లికి ముందే ఒక ఒప్పందం చేసుకున్నట్టు మేమిద్దరం రాష్ట్ర విభజన మాట ఎత్తం. వంటింట్లో గిన్నెలు కడుగుతూ అంతా విని, "అయితె ట్రై చేద్దామా?" అన్నాడు. "మా సైడ్ ఆర్గ్యుమెంట్ నువ్ జెప్పు. కరెక్ట్‌గ చెప్తె ఒప్పుకుంట."

"నీళ్లు, జాబ్స్, ఫండ్స్. మీకు రావాల్సినవి మీకు రాలేదని."

"అది స్లోగనే. ఆర్గ్యుమెంట్ జెప్పు."

చాలా తంటాలు పడ్డాను. వాళ్ల ఊరి బోర్లలో నీళ్ల గురించి, వాళ్ల యాసను నవ్వులాట చేసిన సినిమాల గురించి, అతను కాలేజీలో ఎదుర్కొన్న మాటల గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. చివరికి "హా, గది కొంచెం దగ్గరకొచ్చినవ్," అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని తను మొదలుపెట్టాడు.

"మీ సైడ్ ఏందంటె, మీ పిల్లల చదువులు, కొలువులు అన్నీ హైదరాబాద్‌లనే పెట్టుకున్నరు. అది మన క్యాపిటల్ అనే కదా పెట్టుకున్నరు. ఒక్కరోజు పొద్దున లేచి, ఇది మీది కాదు అంటె, ఇగ ఏడికి పోవాలె? గిదేనా?"

మా నాన్న ఆ రోజు వసారాలో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది అదే.

"అవును, అదే," అన్నాను.

హాల్లోంచి పాప తొంగిచూసి, "ఆర్ యు గైస్ ఫైటింగ్?" అంది. "నో రా తల్లీ, టాకింగ్," అన్నాడు మా ఆయన.

ట్రాలర్ పెద్దాయన ఆ చలికాలం దాటలేదు. నిద్రలోనే పోయాడు. అప్పటిదాకా రోజూ టీ తర్వాత ఆవిడ వెళ్లి ఆయనకు పేపరు చదివి వినిపించేది. తనకు నచ్చని కాలమ్ ఉంటే దాన్నే ముందు చదివేది. ఫ్రీమాంటిల్‌లో అంత్యక్రియలకు ఆవిడను నేనే కారులో తీసుకెళ్లాను. ఆయన కూతురు ఆవిడను కుటుంబంతో పాటు ముందు వరసలో కూర్చోబెట్టింది.

బుధవారాలు కొన్నాళ్లు ఖాళీగా గడిచాయి. తర్వాత ఆయన గదిలోకి కొత్తాయన వచ్చాడు. లండన్‌లో బ్యాంకు ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, మంచి చదువరి. అతనూ కూటమిలో ఉండాల్సింది అనే పక్షమేనని తెలిసి నేను సంబరపడి ఇద్దరినీ లాంజ్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆవిడ ఏమన్నా అతను "కరెక్టుగా చెప్పారు మేడమ్" అన్నాడు. ఆవిడ ఇంకో మాట అంది. అతను దానికీ తలూపాడు. కాసేపటికి ఆవిడ నన్ను సైగ చేసి పిలిచింది.

"ఈయన అన్నిటికీ ఔనంటాడు డియర్. ఈయనతో నేనేం మాట్లాడను?" అంది విసుగ్గా. "నువ్వు కూర్చో. అన్నాళ్లు విన్నావు కదా, అటువైపు నువ్వు చెప్పు."

"నాకంత ఇంగ్లీషు రాదు. పైగా నాకా దేశమే తెలియదు."

"ఆయన ఇంగ్లీషు మాత్రం ఎవరికర్థమైంది? కూర్చో."

టీ ట్రాలీ పక్కకు నెట్టి కూర్చున్నాను. రేవు గురించి మొదలుపెట్టాను. రెండు మాటలైనా అయ్యాయో లేదో ఆవిడ చెయ్యెత్తింది.

"కాదు. అంత మెత్తగా చెప్తే నేను ఓడించడం చాలా తేలిక. మళ్లీ చెప్పు."

గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాను.